అమ్మమ్మ పుట్టింటికి, 67 ఏళ్ల తర్వాత

ఒంగోలు, ఫిబ్రవరి 12, బుధవారం

ఊళ్లు తిరిగి ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. అమ్మ ఇంకా బ్యాగు కూడా విప్పలేదు. విన్న మాటలు చెవుల్లో ఉండగానే రాసుకుందామని కూర్చున్నాను.

ఈ ప్రయాణమంతా అమ్మ బైబిల్ కవరు జిప్పులో ఒక పాత మనీయార్డరు కాగితం ఉంది. 1961 డిసెంబర్‌లో మా అమ్మమ్మ క్రిస్మస్‌కని తన తండ్రికి పది రూపాయలు పంపింది. అవి తిరిగొచ్చాయి. వాటితో పాటు వచ్చిన ముక్క ఇది. మడతల దగ్గర చిరిగి, టీ రంగుకి తిరిగింది. వెనక పెన్సిల్‌తో ఒకే ఒక్క మాట: 'పుచ్చుకోము.'

అమ్మమ్మది గుంటూరు వైపు, మాల కుటుంబం, లూథరన్ సంఘం. తాతయ్యది ఒంగోలు వైపు, మాదిగ కుటుంబం, బాప్టిస్టు సంఘం. ఆమె గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగ్ అయ్యి 1956లో ఒంగోలు క్లౌ ఆసుపత్రిలో చేరింది. ఆయన అక్కడి బళ్లో మేష్టారు. 1958లో పెళ్లి చేసుకున్నారు. ఇద్దరి ఇళ్లలోనూ పొద్దున్నే ప్రార్థన, పడుకోబోయే ముందు ప్రార్థన, అవే కీర్తనలు. అయినా ఆ పెళ్లి తర్వాత అమ్మమ్మ పుట్టింటి గడప తొక్కలేదు. 2003లో పోయింది. వాళ్ల తమ్ముడొకరు ఇంకా ఉన్నారని నాకు పోయిన క్రిస్మస్‌కి తెలిసింది.

ఒంగోలులో దిగింది మామయ్య వాళ్లింట్లో. అత్తయ్య పొద్దున్నే ఇడ్లీలు, పల్లీ చట్నీ, మీద కారప్పొడి వేసి నెయ్యి పోసింది. మామయ్య మాత్రం ప్లేటు ముట్టుకోకుండా అమ్మనే చూస్తున్నాడు. "వాళ్లు అమ్మ సావుకి కూడా రాలా. మనమెందుకు పోవాలక్కా?" అమ్మ సమాధానం చెప్పలేదు. ఇంకో ఇడ్లీ వేసుకుంది. మామయ్య కోపంలో న్యాయం లేదని నేననను. కానీ మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. తాతయ్య వాళ్లమ్మ చనిపోయేదాకా అమ్మమ్మని పేరు పెట్టి పిలవలేదు. 'ఆ మాలపిల్ల' అనే అనేది. నలుగురు పిల్లల్ని కన్నాక కూడా.

సాయంత్రం ప్రార్థన కొండ ఎక్కాం. పెద్ద కొండేమీ కాదు, కానీ అమ్మ మోకాళ్లకి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. అమెరికా బాప్టిస్టులు ఈ తెలుగు మిషన్‌ని 1853లో మూసేద్దామా అని చర్చించుకున్నారు. అప్పటికి వచ్చిన ఫలితం అంత తక్కువ. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్ మిషనరీలు జ్యువెట్ దంపతులు, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఇదే కొండ మీద మోకరించి ఒంగోలు కోసం ప్రార్థన చేశారు. అదే మిషన్ తరఫున జాన్ క్లౌ ఇండియాకి వచ్చింది 1865లో, ఒంగోలులో స్థిరపడింది ఆ మరుసటేడు.

క్లౌ గురించి తాతయ్య చెప్పే సంగతి ఒకటుంది. మొదట్లో ఆయన దగ్గరికి పెద్ద కులాల వాళ్లు వచ్చి వాక్యం వినేవాళ్లు. తర్వాత మాదిగలు రావడం మొదలైంది. వాళ్లని చేర్చుకుంటే మేం రాము అన్నారు మొదటివాళ్లు. ఏం చెయ్యాలో తోచక క్లౌ తన గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిల్ తెరిచారు. ఇద్దరికీ వచ్చింది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే చోటు. లోకం తక్కువగా చూసినవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం. తలుపు మూయొద్దని ఇద్దరూ అనుకున్నారు. ఇది చెప్పేటప్పుడు తాతయ్య గొంతు వణికేది. ఆ తలుపులోంచే లోపలికొచ్చాం మేం. వచ్చాక మళ్లీ గదులు కట్టుకున్నాం. కొండ మీద కూర్చుని నాకు వచ్చిన ఆలోచన అదే. కింద ఊరంతా లైట్లు వెలిగేదాకా అక్కడే ఉన్నాం.

వెల్లంపల్లి, ఫిబ్రవరి 13, గురువారం

రానూపోనూ 900 రూపాయలకి ఆటో మాట్లాడుకున్నాం. గుండ్లకమ్మ దగ్గరికి అని చెప్పడం మా తప్పు. డ్రైవర్ కుర్రాడు నేరుగా మల్లవరం రిజర్వాయర్ దగ్గరికి తీసుకెళ్లి, "ఇదే మేడం, అందరూ ఇక్కడే ఫొటోలు దిగుతారు" అన్నాడు. ఇది కాదు బాబూ, జనం బాప్తిస్మం తీసుకున్న చోటు అంటే అతనికి అర్థం కాలేదు. అక్కడ చేపలమ్మే ఆమెని అడిగితే దారి చెప్పింది. చెప్పినందుకు ఏమైనా కొనకపోతే బాగుండదని అమ్మ అరకిలో చేపలు కొంది. ఆ చేపల సంచి మధ్యాహ్నం దాకా మాతోనే తిరిగింది.

తాతయ్య వాళ్ల తాత ఈ నీళ్లలో మునిగిన మనిషి. అప్పుడాయనకి 18 ఏళ్లుంటాయేమో. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. క్లౌ కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేశాడు. ఆ అనుభవంతో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. మా ఇంట్లో ఆ కాలువ మాట ఇప్పటికీ వస్తుంది. గంజి దొరికింది అక్కడే, కీర్తన నేర్చుకున్నదీ అక్కడే అంటారు. కరువు కూలి నడిచినంత కాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని. కరువు కూలి అయిపోయాక కూడా జనం వస్తూనే ఉంటే ఇక ఆపలేకపోయాడు. 1878 జూలై 3న ఇక్కడ ఒక్కరోజే 2,222 మంది. ముందురోజు 614, మర్నాడు 700. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడత ఇద్దరేసి నీళ్లలో దిగి ఇచ్చారు. క్లౌ ఒడ్డున నిలబడి చూసుకున్నాడు, ఆ రోజు ఆయన చేత్తో ఒక్కటీ ఇవ్వలేదు. ఆ సంగతి నాకు చాలా ఇష్టం. మా వాళ్లని నీళ్లలోంచి లేపిన చేతులు మా వాళ్లవే.

ఫిబ్రవరిలో ఏటిలో నీళ్లు కొంచెమే. ఒడ్డున తుమ్మచెట్టు కింద మేకల్ని కాస్తున్న ముసలామె మమ్మల్ని చాలాసేపు చూసి దగ్గరికొచ్చింది. "వందనాలమ్మా" అంది. మేమూ వందనాలు చెప్పాం. "యాడి నుంచమ్మా? ఎవురి తాలూకు?" అమ్మ తాతయ్య పేరు, పల్లె పేరు చెప్పింది. ఆమె మొహం విప్పారింది. "అయితే మనోళ్లేగా?"

ఈ 'మనోళ్లేనా' అన్న ప్రశ్న మా వైపు చర్చి ముందర, పెళ్లి పందిట్లో, హాస్పిటల్ బెంచీ మీద ఎక్కడైనా వస్తుంది. అడిగేది ఊరు కాదు, సంఘం కాదు. అందరికీ తెలుసు. నేనైతే నవ్వేసి ఊరుకునేదాన్ని. అమ్మ, "సగం పెద్దమ్మా. మా అమ్మ మాలపల్లె పిల్ల" అంది.

ముసలామె కాసేపు ఏమీ మాట్లాడలేదు. మేకని అదిలించింది. తర్వాత, "మా చిన్న మనవడు కూడా అట్టానే చేసుకున్నాడు. రెండేళ్లైంది ఇంటికి రాక" అంది. మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లి మజ్జిగ ఇచ్చింది. ఉప్పు, కరివేపాకు నలిపి వేసింది. మేం బయల్దేరుతుంటే మనవడి కోసం ప్రార్థన చెయ్యమంది. అమ్మ వాకిట్లోనే ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. ఆటో కుర్రాడు ఇంజన్ ఆపి చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే. చేపల సంచి ఆమెకే ఇచ్చేశాం.

గుంటూరు, ఫిబ్రవరి 14, శుక్రవారం

బస్సు చిలకలూరిపేట దాటాక రోడ్డుకి రెండు వైపులా మిరప కల్లాలు. ఎర్రగా, కళ్లు చెదిరేంత ఎరుపు. పక్క సీటు రైతు, "చూడ్డానికి బాగుంటాయమ్మా, ఈ ఏడు ధర లేదు" అన్నాడు. గుంటూరులో దిగేసరికి గాలిలోనే ఘాటు. అమ్మకి తుమ్ములు ఆగలేదు.

ఈ ఊళ్లో లూథరన్ల కథ 1842 జూలై 31న మొదలవుతుంది. మిషనరీ హయ్యర్ అయ్యగారు గుంటూరు వచ్చిన రోజది. అమ్మమ్మ ఒంగోలులో ఉండి కూడా ప్రతి జూలై 31న పాయసం చేసేదట. ఎందుకో పిల్లలకి చెప్పేది కాదు. ఆమె చదువుకున్న ఆసుపత్రికి మూలం అన్నా కూగ్లర్. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరమ్మ. మేం ఆవరణలోకి వెళ్లి చెట్ల కింద కూర్చున్నాం. తెల్లచీరల్లో నర్సింగ్ అమ్మాయిలెవరూ లేరు, అందరూ చుడీదార్లలోనే ఉన్నారు. ఒక అమ్మాయి దారిలో బిస్కెట్ తింటూ ఫోన్లో ఎవరితోనో గొడవపడుతోంది. అమ్మ ఆ అమ్మాయినే చూస్తూ, "మా అమ్మకీ ఇదే వయసు" అంది.

చిక్కంతా ఎక్కడుందో గుంటూరులో నాకు బాగా తెలిసింది. మిషన్లు వేటి ప్రాంతాల్లో అవి పని చేశాయి. ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. ఇక్కడ మా వాళ్లున్న లూథరన్ పల్లెల్లో మాలలు ఎక్కువ. కులానికి సంఘం పేరు వచ్చి చేరింది. పైగా బాప్తిస్మం తేడా. లూథరన్లు పసిబిడ్డకి నీళ్లు చిలకరించి ఇస్తారు. బాప్టిస్టులు ఎదిగి, నమ్మి అడిగినవాళ్లని నీళ్లలో ముంచి ఇస్తారు. సంబంధం వద్దనుకున్నవాళ్లకి, "వాళ్లది ముంచుడు, మనది చిలకరింపు" అంటే చాలు. కులం మాట నోటితో అనక్కర్లేదు. నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను, అది ఉత్త సాకు అని. శనివారం దాకా.

రాత్రి రోడ్డు పక్కన మిర్చిబజ్జీలు తిన్నాం, ప్లేటు 40 రూపాయలు. అమ్మకి నిద్ర పట్టలేదు. రెండు గంటలకి లేచి చూస్తే మంచం మీద కూర్చుని ఆ మనీయార్డరు కాగితాన్ని చూస్తోంది. "టెన్షన్‌గా ఉందే" అంది.

పల్లె, ఫిబ్రవరి 15, శనివారం

ఊరి పేరు రాయను. గుంటూరు నుంచి రెండు బస్సులు మారాలి.

అమ్మమ్మ తమ్ముడికి 84 ఏళ్లు. రిటైరైన టీచరు. కొడుకు ఇంట్లో ఉంటారు. ఆ కొడుకుతోనే ఫోన్లో మాట్లాడాను. వరసకి నాకు బాబాయ్ అవుతాడు. "నాన్నకి చెప్తాను" అని పెట్టేశాడు. మూడు రోజుల తర్వాత, "శనివారం రండి" అని మెసేజ్ పెట్టాడు. అంతే.

వసారాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. నీళ్లిచ్చాడు. "కూర్చోండి మేడం" అన్నాడు అమ్మని. అమ్మ అతనికి మేనత్త కూతురు. పెద్దది కాబట్టి వదిన. ఆ మాట అతనికి రాలేదు. లోపల టీవీలో వర్గీకరణ మీద చర్చ నడుస్తోంది. ఎస్సీ కోటాని ఉపకులాలుగా పంచుకోవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచ్ ఆరుగురి మెజారిటీతో చెప్పినప్పట్నుంచి రెండు పల్లెల మధ్య మాట ఇంకా పెళుసైంది. అతను టీవీ ఆపుతూ, "మీవాళ్లు సంతోషంగా ఉండుంటారు" అన్నాడు. నాకు నోటిదాకా వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు లెక్కన క్రైస్తవులైన మనకి ఎస్సీ హోదానే లేదు, రాష్ట్రంలో మీరూ మేమూ ఒకే బీసీ-సి కదా, మనం ఇక్కడ కొట్టుకోవడం దేనికి అని. అనలేదు. అనకపోవడమే మంచిదైంది. గెలవడానికి వెళ్లలేదు మేం.

అమ్మమ్మ తమ్ముణ్ని, అంటే వరసకి నాకు తాతయ్యని, లోపల్నుంచి నడిపించుకుని వచ్చారు. తెల్లచొక్కా, పంచె. చెవులు సరిగ్గా వినపడవు. అమ్మ లేచి వంగి కాళ్లకి దణ్ణం పెట్టబోతే భుజం పట్టి ఆపి మొహంలోకి చూశారు. "గడ్డం అక్కదే" అన్నారు.

కాసేపు ఎవరెవరు బతికున్నారు, ఎవరు పోయారు అన్న మాటలు. తర్వాత అమ్మ జిప్పు తీసి కాగితం చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, కాగితాన్ని ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టుకుని చూశారు. బొటనవేలితో ఆ పెన్సిల్ మాటని ఒకసారి తడిమారు. చెరిగిపోతుందేమోనని అమ్మ కంగారు పడింది.

"ఈ రాత నాదేనే అమ్మాయ్" అన్నారు.

వాళ్ల నాన్నకి చదువు రాదు. పోస్ట్‌మేన్ వాకిట్లో నిలబడి ఉంటే, "రాసివ్వరా" అన్నాడట. అప్పుడు ఈయనకి 20 ఏళ్లు. "అక్క నన్ను ఎత్తుకుని పెంచింది. పలక మీద అక్షరాలు దిద్దించింది కూడా అక్కే. ఆ అక్షరాలతోనే రాశాను" అన్నారు. ఏడవలేదు. చాలా మెల్లగా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పారు.

అమ్మ అడిగింది, కులమేనా కారణం అని. ఉన్నదున్నట్టు చెప్పారు. "కులమే. అబద్ధమెందుకు? కానీ అదొక్కటే కాదు. మీ ఒంగోలు చర్చి వాళ్లు పెళ్లికి ముందు అక్కని మళ్లీ నీళ్లలో ముంచారంట. ఆ కబురు తెలిసి నాన్న మూడు రోజులు అన్నం తినలా. నెలల పిల్లని ఎత్తుకుని నడిచిపోయి నేను ఇప్పించిన బాప్తిస్మం ఉత్తిదంటారా అని."

మాకది తెలియదు. అమ్మమ్మ మళ్లీ బాప్తిస్మం తీసుకుందని తెలుసు. మా ఇంట్లో దాన్ని సంతోషంగానే చెప్పుకునేవాళ్లం. ఆ రోజు ఫొటో కూడా ఉంది. ఆ నీళ్లు ఇక్కడొకాయన గుండె మీద పడ్డాయని 67 ఏళ్లలో ఎవరికీ తట్టలేదు. అమ్మ ఒక్కసారిగా, "మమ్మల్ని క్షమించండి మావయ్యా" అంది. అడగాల్సింది మేమా వాళ్లా అని నేను హైదరాబాద్‌లో ఎన్నిసార్లు లెక్కలేసుకున్నానో. ఆమె ఏ లెక్కా చూసుకోలేదు. ఆయన అమ్మ తల మీద చెయ్యిపెట్టి, "నేనడగాల్సిన మాట నువ్వన్నావు" అన్నారు.

కాసేపయ్యాక చెయ్యి చాపారు. "ఆ పది రూపాయలు ఉన్నాయా?"

అమ్మ పర్సులో పది నోటు లేదు. నా దగ్గర ఉంది, బస్సు కండక్టర్ ఇచ్చిన నలిగిన నోటు. అమ్మ చేత ఇప్పించాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు.

బాబాయ్ భార్య, పిన్ని, గోంగూర వేసి ఎండు తునకల కూర వండింది. తునకలంటే ఎండబెట్టిన గొడ్డుమాంసం. వడ్డించే ముందు నా వైపు తిరిగి మెల్లగా, "అమ్మ తింటుందా?" అంది. సిటీ వాళ్లం మానేశామేమోనని. అమ్మ రెండుసార్లు వేయించుకుంది. అమ్మమ్మ కూడా ఇలాగే తునకల్ని ముందు దోరగా కాల్చి, రోకలితో ఒక దెబ్బ వేసి వండేదని చెప్పింది. "మా అత్త నేర్పింది నాకు, ఈ ఇంట్లో అంతా అట్టానే చేస్తారు" అంది పిన్ని. బాబాయ్ మాతో కూర్చోలేదు. పనుందని బయటికి వెళ్లి మేం లేచాక వచ్చి తిన్నాడు.

అక్కడే, ఫిబ్రవరి 16, ఆదివారం

రాత్రి పిన్ని పట్టుబట్టి ఉంచింది. తొమ్మిది గంటలకి చర్చి గంట. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు చాపల మీద. ఆరాధన క్రమం అమ్మకి కొత్త. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు జవాబు చెప్పాలో తెలియక పిన్నిని చూసి చేసింది. కీర్తన మొదలుపెట్టేసరికి మాత్రం పుస్తకం అక్కర్లేకపోయింది. ఒంగోలులో పాడే కీర్తనే. రాగం చివర చిన్న తేడా, ఇక్కడ కాస్త సాగదీస్తారు.

ఆ రోజు సంస్కారం ఉంది, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభు భోజనం. అందరూ ముందుకెళ్లి మోకరిస్తుంటే అమ్మ కూర్చుండిపోయింది. ఇక్కడ తను తీసుకోవచ్చో లేదో అని. తాతయ్య మగవాళ్ల వైపు నుంచి కర్ర పట్టుకుని నడిచొచ్చి, అమ్మ ముందు ఆగారు. చర్చంతా చూస్తోంది. అయ్యగారు కూడా ఆగారు. ఇద్దరూ కలిసి వెళ్లి పక్కపక్కన మోకరించారు. లేచేటప్పుడు ఆయన్ని అమ్మ లేపిందో, అమ్మని ఆయన లేపారో చెప్పలేను.

ఇక్కడ రాయాల్సిందే కాబట్టి రాస్తున్నాను. వెనక వరసలో ఇద్దరు లేచి బయటికి వెళ్లారు. పిన్ని చూసింది, ఏమీ అనలేదు.

కానుకల సంచి వచ్చినప్పుడు తాతయ్య చొక్కా జేబులోంచి నోటు తీశారు. నేను చూస్తూనే ఉన్నాను. అది నాలుగు మడతల పది నోటు కాదు, వేరేది. ఆ పది జేబులోనే ఉంది.

బస్టాపుకి బాబాయ్ బండి మీద వచ్చాడు. మేం అడగలేదు. హ్యాండిల్‌కి రెండు సంచులు. ఒకదాంట్లో గోంగూర కట్టలు, ఇంకోదాంట్లో రెండు కిలోల ఎండుమిర్చి. పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉన్నాడు. మామయ్య ఎలా ఉన్నాడని కానీ, మళ్లీ ఎప్పుడొస్తారని కానీ అడగలేదు. బస్సు దూరంగా కనిపించాక సంచులు అందించి, రోడ్డు వైపు చూస్తూనే అన్నాడు:

"ఈసారి వచ్చేముందు ఫోన్ చెయ్యి వదినా. బస్సులు మారే పని లేకుండా గుంటూరు వచ్చి తీసుకొస్తా."